ఆమోదముద్ర వేసిందెవరు?

మంద్‌సౌర్‌ జిల్లా గాంధీసాగర్‌లో 2025 సెప్టెంబరు 13న మధ్యప్రదేశ్‌ ముఖ్యమంత్రి మోహన్‌ యాదవ్‌కు పెద్ద ప్రమాదమే తప్పింది. ఆయన హాట్‌ ఎయిర్‌ బెలూన్‌ తొట్టిలో ఉండగా గాలి జోరుకు బెలూన్‌ పైకి లేవలేదు. కింది భాగంలో మంటలు రేగాయి. భద్రతా సిబ్బంది తొట్టిని గట్టిగా పట్టుకుని ఆయనను కాపాడారు. ఎవరికీ ఏమీ కాలేదు, సంతోషం. కానీ ఆ వెంటనే అధికారుల నుంచి ప్రకటన వచ్చేసింది, భద్రతా లోపం ఏమీ లేదట! అంత తొందరగా ఎవరు విచారించారు? ఏం చూసి తేల్చారు? అంత గాలిలో బెలూన్‌ సిద్ధం చేయవచ్చని చెప్పిన వ్యక్తి ఎవరు? ముఖ్యమంత్రి విషయంలోనే జవాబు ఇంత తేలిగ్గా దొరికితే, రెండు మూడు వేల రూపాయలు కట్టి కొండ అంచున నిలబడే మామూలు పర్యాటకుడిని పట్టించుకునేదెవరు?

ఈ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. హిమాచల్‌ప్రదేశ్‌లో జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఏటా అమల్లో ఉండే పారాగ్లైడింగ్‌ నిషేధం గడువు ముగియగానే సీజన్‌ మొదలవుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బీర్‌ బిల్లింగ్‌ ఆకాశం రంగురంగుల గొడుగులతో నిండిపోతుంది. దసరా, దీపావళి సెలవులకు మన హైదరాబాద్‌ నుంచి, విజయవాడ నుంచి, విశాఖ నుంచి వెళ్లే కుర్రకారుకు అక్కడ ఒక రైడ్‌ కొట్టకపోతే టూర్‌ పూర్తయినట్టే ఉండదు. వెళ్లనివ్వండి, ఎగరనివ్వండి. కానీ వారిని గాల్లోకి పంపే వ్యవస్థకు బాధ్యత వహించే మనిషి ఒకరైనా ఉండాలి కదా!

ఉన్నారనే చెప్పింది కేంద్రం. 2022 జూన్‌ 7న పౌర విమానయాన శాఖ జాతీయ ఎయిర్‌ స్పోర్ట్స్‌ విధానాన్ని విడుదల చేసింది. పారాగ్లైడింగ్‌, బెలూనింగ్‌, గ్లైడింగ్‌, పారాచూటింగ్‌, ఏరోమోడలింగ్‌, డ్రోన్లు ఇలా మొత్తం 11 క్రీడలను ఒక గొడుగు కిందికి తెచ్చింది. ఆ గొడుగు పేరు ఎయిర్‌ స్పోర్ట్స్‌ ఫెడరేషన్‌ ఆఫ్‌ ఇండియా. దాని కింద ఒక్కో క్రీడకు ఒక్కో జాతీయ సంఘం, వాటి కింద ప్రాంతీయ, రాష్ట్ర శాఖలు, ఆ కింద జిల్లా సంఘాలు. పరికరాలకు, శిక్షణకు, సిబ్బందికి భద్రతా ప్రమాణాలు ఆయా సంఘాలే రాసుకోవాలి. రాయకపోతే, పాటించకపోతే ఫెడరేషన్‌ చర్య తీసుకోవాలి. 2030 నాటికి భారత్‌ను ఈ రంగంలో అగ్రదేశాల సరసన నిలపాలన్నది లక్ష్యం. ఆ లక్ష్యాన్ని చెప్పే వాక్యంలో విశేషణాలు వరసగా ఉన్నాయి, అన్నిటికంటే ముందున్నది ‘సురక్షితమైన’ అనే మాట. ఆ మాట పెట్టింది కేంద్రమే. ఆ మాటకు పూచీ ఎవరు పడుతున్నారో మాత్రం చెప్పడం లేదు.

2024 ఫిబ్రవరిలో కులులో ఏం జరిగిందో తెలుగువారు మరిచిపోలేదు. తెలంగాణ నుంచి వెళ్లిన 26 ఏళ్ల పర్యాటకురాలు డోభీ వద్ద టాండెమ్‌ (పైలట్‌తో కలిసి ఇద్దరుగా ఎగిరే) పారాగ్లైడింగ్‌లో గాల్లోనుంచి పడి చనిపోయింది. భద్రతా బెల్టు సరిగా ఉందో లేదో పైలట్‌ చూడలేదన్నారు. పైలట్‌ను అరెస్టు చేశారు. అప్పుడు పర్యాటక శాఖ వైపు నుంచి వచ్చిన వివరణను జాగ్రత్తగా గుర్తుచేసుకోవాలి. ఆ స్థలానికి ఆమోదం ఉంది, పరికరాలకు ఆమోదం ఉంది, పైలట్‌ పేరు నమోదై ఉంది, కాబట్టి మానవ తప్పిదమే కావచ్చని. అన్నీ ఆమోదం పొందినవే. మనిషి మాత్రం చనిపోయింది. అలాంటప్పుడు మొదట విచారించాల్సింది ఆ ఆమోదాన్ని. దాన్నే అధికారులు తమకు రక్షణ కవచంగా చూపించుకున్నారు. మా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే.

టాండెమ్‌లో ప్రయాణికుడు ముందు, పైలట్‌ వెనక ఉంటారు. ప్రయాణికుడికి తొడిగే హార్నెస్‌కు రెండు తొడల చుట్టూ పట్టీలు, ఛాతీకి అడ్డంగా మరో పట్టీ ఉంటాయి. తొడ పట్టీల బకిల్‌ పడకపోయినా నేల మీద నిలబడినప్పుడు తేడా తెలియదు. కాళ్లు నేల వదిలాక, బరువంతా పట్టీల మీద పడ్డాక తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది దాదాపు ఉండదు. అందుకే ఎగిరే ముందు ప్రతి బకిల్‌నూ చేత్తో లాగి చూడటం ఈ క్రీడలో ఓనమాలు. తెలిసిన పైలట్లు దాన్ని ఒకరు చేస్తే ఇంకొకరు మళ్లీ చూస్తారు. ఇంత చిన్న పని తప్పిందంటే ఒక మనిషి మతిమరుపుతో సరిపెట్టలేం. టేకాఫ్‌ దగ్గర రెండో మనిషి తనిఖీ తప్పనిసరి అన్న నియమం ఉందా? ఉంటే ఆ రోజు ఆ మనిషి ఎక్కడ? రైడ్‌ లెక్కన డబ్బు అందే చోట పైలట్‌ రోజుకు ఎన్నిసార్లు ఎగరవచ్చో పరిమితి పెట్టి, దాన్ని లెక్కించేదెవరు? పైలట్‌ను జైలుకు పంపితే ఈ ప్రశ్నలన్నీ ఆయనతో పాటే లోపలికి పోతాయి. ఫైలు మూసేస్తారు. మర్నాడు అదే కొండ మీద అదే క్యూ.

కులు ఒక్కటే కాదు. 2022 జనవరిలో బీర్‌ బిల్లింగ్‌లో బెంగళూరుకు చెందిన 12 ఏళ్ల బాలుడు చనిపోతే హిమాచల్‌ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అనుమతులూ పరికరాలూ కమిటీ పరిశీలించేదాకా సాహస క్రీడలు ఆపమంది. జాతీయ విధానం వచ్చింది అది జరిగిన ఐదు నెలలకే. పోనీ తర్వాతైనా మారిందా? 2025 జనవరిలో ఒక్క వారాంతంలోనే ధర్మశాల ఇంద్రునాగ్‌లో అహ్మదాబాద్‌ యువతి, కులు జిల్లా గర్సాలో తమిళనాడు యువకుడు ప్రాణాలు కోల్పోయారు. అదే వారాంతంలో ఉత్తర గోవాలోని కేరీలో పుణె యువతి, ఆమెను ఎగిరించిన పైలట్‌ ఇద్దరూ లోయలో పడి చనిపోయారు. అక్కడి సంస్థ అనుమతి లేకుండా నడుస్తోందని పోలీసులు చెప్పారు. ఆ ఏడాది జులైలో ధర్మశాల దగ్గరే అహ్మదాబాద్‌ నుంచి వచ్చిన మరో యువకుడు పోయాడు. వర్షాకాల నిషేధం మొదలవడానికి సరిగ్గా రెండు రోజుల ముందు.

అనుమతి ఉన్నచోట చనిపోతే పైలట్‌ తప్పు. అనుమతి లేనిచోట చనిపోతే నిర్వాహకుడి తప్పు. వాతావరణం మారితే ప్రకృతి తప్పు. ఆమోదించినవాడి తప్పు, తనిఖీకి రానివాడి తప్పు, కళ్లెదుటే అక్రమంగా నడుస్తుంటే చూస్తూ ఊరుకున్నవాడి తప్పు ఏ ఒక్కసారీ బయటికి రాదు. తిలా పాపం తలా పిడికెడు అని పంచుకున్నా బాగుండేది, ఇక్కడ ఆ పంపకం కూడా లేదు. మొత్తం పిడికిలి ఎప్పుడూ పైలట్‌ నెత్తినే.

ఎయిర్‌ స్పోర్ట్స్‌ సంఘాల వాదన మాకు తెలియనిది కాదు. ప్రభుత్వ గుమాస్తాలకు రెక్క (గ్లైడర్‌ గొడుగు) గురించి, గాలి గురించి ఏం తెలుసు, ఎగిరేవాళ్లే తమ నియమాలు రాసుకుంటే మేలు అంటారు. ప్రపంచమంతా ఇలాగే నడుస్తుందనీ అంటారు. అందులో నిజం ఉంది. జర్మనీలో పారాగ్లైడింగ్‌ పైలట్ల లైసెన్సుల బాధ్యత డీహెచ్‌వీ అనే సంఘానిదే. కానీ అది ప్రభుత్వం చట్టబద్ధంగా అప్పగించిన అధికారం. ఆ సంఘం ఏటా ప్రమాదాల వివరాలను విశ్లేషించి ప్రచురిస్తుంది. ఏ పరిస్థితిలో, ఏ రకం రెక్కతో, ఏ దశలో ప్రమాదం జరిగిందో ఎవరైనా చదువుకోవచ్చు. మన దగ్గర సంఘాలకు పనులు అప్పగించింది ఒక విధాన పత్రం. విధానం చట్టం కాదు. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్‌ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్‌ అధినియమ్‌ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత ఇంటిని కూల్చి కొత్తది కడుతున్నప్పుడైనా ఈ ఫెడరేషన్‌కు అందులో ఒక గది కేటాయించి ఉండాల్సింది. అధికారం ఇంత, బాధ్యత ఇంత, తప్పితే శిక్ష ఇదీ అని రాసి ఉండాల్సింది.

ఇంకో సంగతి. ఈ క్రీడలను ఊరూరా వ్యాపింపజేయడం, పరికరాల దిగుమతి సుంకాలు తగ్గించమని అడగడం, పోటీలు పెట్టడం, స్పాన్సర్లను తేవడం ఫెడరేషన్‌ పని. భద్రత చూసి శిక్షించడమూ ఫెడరేషన్‌ పనే. స్వయంప్రతిపత్తి అంటూనే దాన్ని పౌర విమానయాన శాఖ కిందే ఉంచారు. దేశంలో ఎయిర్‌ స్పోర్ట్స్‌ ఆదాయాన్ని 80-100 కోట్ల రూపాయల నుంచి 8,000-10,000 కోట్లకు పెంచవచ్చని, లక్ష ఉద్యోగాలు వస్తాయని ఆశపెట్టినదీ ఈ విధానమే. అంత లక్ష్యాన్ని భుజాన వేసుకున్న సంస్థ ఒక ప్రమాదం జరిగిన రోజున ‘ఇక్కడ మేం తప్పు చేశాం, ఈ సీజన్‌ మొత్తం ఈ కొండ మూసేస్తున్నాం’ అని అనగలదా? అమ్మేవాడినే తూకం తనిఖీ చేయమంటే ఏమవుతుందో వేరే చెప్పాలా!

ఇది ఒక్క ఎయిర్‌ స్పోర్ట్స్‌తో ఆగదన్నదే మా ఆందోళన. ప్రమాదం ఉన్న పని, డబ్బు వచ్చే పని ఏదైనా సరే ముందు ఒక విధానం, దానికో సమాఖ్య, దాని కింద సంఘాలు, ప్రాణం పోయినప్పుడు చిట్టచివరి ఉద్యోగి మీద కేసు. ఈ పద్ధతికి ఒకసారి అలవాటు పడిన ప్రభుత్వం రేపు పడవ షికార్లకు, కేబుల్‌ కార్లకు, జిప్‌లైన్లకు కూడా ఇదే అచ్చు వాడుతుంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు అనుమతుల గురించి ఎన్ని నీళ్లు నమిలారో మన రాష్ట్రాలకు బాగా తెలుసు. మళ్లీ ఇప్పుడు సాహస పర్యాటకం పేరిట రెండు తెలుగు ప్రభుత్వాలూ పోటీ పడుతున్నాయి. అరకులో బెలూన్‌ పండగ మనం 2017లోనే చూశాం. ఆకాశంలోకి పర్యాటకులను పంపే ప్రతి అనుమతి కాగితం మీద సంతకం పెట్టిన అధికారి పేరు, తనిఖీ చేసిన తేదీ జనానికి కనిపించేలా బోర్డు పెట్టే దమ్ము హైదరాబాద్‌కు గానీ అమరావతికి గానీ ఉందా? హిమాచల్‌ను తప్పుపట్టే ముందు మన ఇంట్లో ఆ పని చేసి చూపించాలి.

ఈ దేశానికి ఎగరడం కొత్త కాదు. ఏరో క్లబ్‌ ఆఫ్‌ ఇండియా 1927లో పుట్టింది. 1929 ఫిబ్రవరి 10న జేఆర్‌డీ టాటా అందుకున్న ఒకటో నంబరు పైలట్‌ లైసెన్సు ఆ క్లబ్‌ పేరు మీద వచ్చిందే. స్కైడైవింగ్‌లో రేచల్‌ థామస్‌, శీతల్‌ మహాజన్‌ పద్మశ్రీలు సాధించారు. బీర్‌ బిల్లింగ్‌లో 2015లో పారాగ్లైడింగ్‌ ప్రపంచ కప్‌ పోటీలు జరిగాయి. గాలిని చదవడం తెలిసిన పైలట్లు కొండ ఊళ్లలో వందల మంది ఉన్నారు. వారికి అది కూడూ గుడ్డా. ప్రతి మరణం తర్వాత వచ్చే మూకుమ్మడి నిషేధం మొదట కొట్టేది జాగ్రత్తగా పనిచేసే వారి కడుపునే. అందువల్ల నిషేధించమని మేం అడగడం లేదు. తప్పు ఎక్కడ జరిగిందో బయటపెట్టమంటున్నాం. అలా బయటపెడితేనే మంచి పైలట్‌కూ మందకొడి పైలట్‌కూ తేడా తెలుస్తుంది, పర్యాటకుడు ఎవరితో ఎగరాలో తేల్చుకోగలుగుతాడు.

బయటపెట్టడం చేతకాని పని కాదు. 2025 జూన్‌ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలితే నెల రోజులకే దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదిక దేశమంతా చదివింది. దానిపై వాదోపవాదాలు ఎన్నయినా ఉండనీ, కాగితమంటూ ఒకటి జనం ముందుంది. కొండ మీద నుంచి పడి చనిపోయిన ఒక్క పర్యాటకుడి ప్రాణం విలువ అంతకంటే తక్కువేమీ కాదు. ఆ కుటుంబానికి తమ బిడ్డ ఎందుకు పోయిందో చెప్పే నాలుగు పేజీలు ఇవ్వడానికి ఏళ్లు ఎందుకు?

పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్‌ నాయుడు మన శ్రీకాకుళం ఎంపీ. విధానం రాసింది ఆయన కాకపోవచ్చు, ఇవాళ ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. సీజన్‌ ఊపందుకునేలోగా ఆయన చేయాల్సిన పనులు కళ్లముందే ఉన్నాయి. కులు, ఇంద్రునాగ్‌, గర్సా, కేరీ ప్రమాదాలపై కారణాలు చెప్పే నివేదికలను ఫెడరేషన్‌ చేత ప్రచురింపజేయాలి. భద్రత చూసే విభాగాన్ని ప్రచారం చేసే విభాగం నుంచి విడగొట్టి చట్టం కిందికి తేవాలి. అందులో సీనియర్‌ పైలట్లకు, ప్రమాద బాధితుల కుటుంబాలకు చోటివ్వాలి. ఒక స్థలాన్ని ఆమోదించిన అధికారి ఆ స్థలంలో జరిగే ప్రతి మరణానికీ రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి.

ఇవేవీ చేయకుండా రిబ్బన్లు కత్తిరించి, బెలూన్ల ముందు ఫొటోలు దిగి, ఎవరైనా పడి చనిపోతే పాతికేళ్ల పైలట్‌ చేతికి బేడీలు వేయించి ఇంటికి వెళ్లిపోయే అధికారులను, వారిని వెనకేసుకొచ్చే నాయకులను అడుగుతున్నాం: మీ పిల్లలను ఆ కొండ అంచున నిలబెట్టి, మీరే ఆమోదించామని చెబుతున్న ఆ పట్టీలు కట్టి పంపిస్తారా? పంపించలేకపోతే 2030 లక్ష్యాల గురించి మాట్లాడటం ఆపండి. ముందు కులు నివేదిక బయటపెట్టండి.