ఆకు బొమ్మ గీసినంత మాత్రాన పేటెంట్ రాదు

గాలితో చల్లబడే ఫ్యూయెల్ సెల్‌లో (హైడ్రోజన్‌నూ గాలిలోని ఆక్సిజన్‌నూ కలిపి కరెంటు పుట్టించే పరికరంలో) ఆకు ఈనెల్లాంటి గాలి దారులు పెట్టాం కాబట్టి పేటెంట్ ఇవ్వండి అంటూ వెళ్లే దరఖాస్తు మొదటి పరిశీలన నివేదిక (ఎఫ్‌ఈఆర్) దగ్గరే కూలిపోతుంది. కూలిపోవాలి కూడా. హైదరాబాద్‌లో కాలేజీల నుంచీ, స్టార్టప్‌ల నుంచీ ఈ తరహా దరఖాస్తులు వరసగా వెళ్తున్నాయి. వాటిలో కొన్నిట్లో నిజంగా మంచి పని ఉంది. ఆ పని క్లెయిముల్లోకి, అంటే హక్కు అడిగే వాక్యాల్లోకి, రాకుండా స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తు వివరణ పత్రంలో) ఎక్కడో ఒక మూల పడి ఉంటుంది. ఆ బాధతోనే ఇంత పొడవు రాస్తున్నాను.

నా అభిప్రాయం సూటిగా ఇదీ: ఇలాంటి డిజైన్‌లో ప్రకృతిని అనుకరించిన చోట ఆవిష్కరణ దొరకదు. ప్రకృతిని అనుకరిస్తే పని జరగక, దాన్ని వదిలి పక్కకు జరగాల్సి వచ్చిన చోట దొరుకుతుంది. మనవాళ్లు మొదటిదాని మీద పది పేజీలు రాస్తారు, రెండోదానికి అర పేరా ఇస్తారు.

కొమ్మల ఆలోచన ఎంత పాతదో ముందు చూడండి. రక్తనాళం రెండుగా చీలినప్పుడు పెద్ద నాళం వ్యాసార్ధపు ఘనం, పిల్ల నాళాల వ్యాసార్ధాల ఘనాల మొత్తానికి సమానంగా ఉంటే శరీరానికి ఖర్చు తక్కువని సెసిల్ మర్రే 1926లోనే చెప్పాడు. సమానంగా చీలితే ఒక్కో పిల్ల నాళం తల్లి నాళంలో 0.79 రెట్లు. ఊపిరితిత్తుల నమూనాతో ఫ్యూయెల్ సెల్ ప్లేట్లు (గాలి దారులు చెక్కిన పలకలు) చేసి, పరీక్షించి, యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్లు 2018లో పేపర్ వేశారు. 2014లో వచ్చిన ఫ్యూయెల్ సెల్ కారు టొయోటా మిరాయ్, క్యాథోడ్ (గాలి అందే ఎలక్ట్రోడ్) వైపు మామూలు గాడులు మానేసి త్రీడీ జాలి పెట్టింది. పేటెంట్ వర్గీకరణలో గాలి దారుల ఆకారానికి హెచ్01ఎం 8/0258 అని విడిగా ఒక గదే ఉంది. గాలితో వేడి తీసేయడానికి 8/04014 ఉంది. ఎగ్జామినర్ వెతుకులాట మొదలయ్యేది ఆ రెండు గదుల్లోనే. దరఖాస్తు వేసే ముందు ఎస్పాసెనెట్ అనే పేటెంట్ల వెతుకులాట సైట్‌లో ఈ రెండు కోడ్‌లనూ కలిపి ఒక పూట వెతికితే చాలు, మీ ఒకటో క్లెయిమ్‌లో సగం అప్పటికే ఎవరో రాసేశారని తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. గాలితో చల్లబడే స్టాక్‌లో (వరసగా పేర్చిన సెల్‌ల కట్టలో), అంటే ఓపెన్ క్యాథోడ్ రకంలో, ఒకే గాలి రెండు పనులు చేయాలి. ఆక్సిజన్ ఇవ్వాలి, వేడి మోసుకుపోవాలి. ఒక కిలోవాట్ స్టాక్ తీసుకుందాం. ఒక్కో సెల్ 0.65 వోల్టుల దగ్గర నడుస్తోందనుకోండి. కరెంటు ఒక కిలోవాట్ వస్తే వేడి కూడా దాదాపు 0.9 కిలోవాట్ వస్తుంది. రసాయన చర్యకు కావలసిన గాలి సెకనుకు అర గ్రాము పైచిలుకు, అంతే. మరి ఆ వేడి తీయడానికి? మే నెలలో హైదరాబాద్ మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి లోపలికి వెళ్లి 57 డిగ్రీల దగ్గర బయటకు రావాలంటే సెకనుకు 60 గ్రాములు కావాలి. గంటకు రమారమి 200 ఘనపు మీటర్లు. మన ఊరు సముద్రమట్టానికి అయిదొందల మీటర్ల పైన ఉంది కాబట్టి గాలి కాస్త పలచన, ఫ్యాన్ ఇంకొంచెం ఎక్కువే తోయాలి. అంటే చల్లబరచే గాలి, చర్యకు కావలసిన గాలికి వంద రెట్లకు పైనే! చలికాలం పొద్దున 20 డిగ్రీల గాలి దొరికితే ఇందులో సగం కూడా అక్కర్లేదు.

ఈ వంద రెట్ల సంగతి రాయకుండా గాలితో చల్లబడే ఫ్యూయెల్ సెల్ మీద స్పెసిఫికేషన్ ఎలా రాస్తారో నాకు అర్థం కాదు. ఆకు ఈనెలు, ఊపిరితిత్తుల కొమ్మలు పరిష్కరించేది పంపిణీ సమస్యను: కొద్దిపాటి ద్రవం ప్రతి మూలకూ సమానంగా చేరడం. ఓపెన్ క్యాథోడ్‌లో అసలు ఇబ్బంది అది కాదు. బోలెడంత గాలిని అతి తక్కువ పీడనంతో దాటించడమే ఇబ్బంది. స్టాక్‌కి బిగించే 120 మిల్లీమీటర్ల మామూలు ఫ్యాన్, గాలి బాగా పారుతున్నప్పుడు ఇచ్చే పీడనం కొన్ని పదుల పాస్కళ్లు. అందులో కొమ్మలు పెడితే ఏమవుతుంది?

మర్రే లెక్క ప్రకారం ఒక్కో చీలిక దగ్గర దారుల మొత్తం అడ్డుకోత వైశాల్యం 26 శాతం పెరగాలి. అయిదు తరాల కొమ్మలకు, అంటే అయిదుసార్లు చీలితే, అది మూడు రెట్లు దాటుతుంది. చెట్టుకూ ఊపిరితిత్తికీ అన్ని దిక్కులా పెరగడానికి చోటుంది. ప్లేటుకు లేదు. దాని వెడల్పూ మందమూ ముందే నిర్ణయమైపోయాయి. కాబట్టి చివరను పెంచలేక మొదలును ఇరుకు చేస్తారు. గాలి లోపలికి వచ్చే ముఖం మూడో వంతుకు పడిపోతుంది, అక్కడ వేగం మూడు రెట్లవుతుంది, ఆ పదుల పాస్కళ్లూ గుమ్మంలోనే ఖర్చైపోతాయి. కాగితం మీద ఎంతో అందంగా ఉన్న డిజైన్ బెంచ్ మీద పది నిమిషాల్లో 70 డిగ్రీలు దాటి ట్రిప్ అవడానికి ఇదే కారణం.

రెండో తేడా నీళ్లు. ఊపిరితిత్తిలోకి గాలి ముక్కు దగ్గరే తడిసి వెళ్తుంది, పైగా వెళ్లిన దారినే తిరిగి వస్తుంది. ఇక్కడ గాలి ఒకవైపే పారుతుంది, అదీ పొడి గాలి. 42 డిగ్రీల దగ్గర 20 శాతం తేమ ఉన్న గాలి 57 డిగ్రీలకు వేడెక్కితే, సెల్‌లో పుట్టిన నీళ్లన్నీ కలుపుకున్నా తేమ పది పన్నెండు శాతానికి పడిపోతుంది. సెల్ మధ్యలో తడిగా ఉండాల్సిన పల్చటి పొర, మెంబ్రేన్, ఎండిపోతుంది, నిరోధం పెరుగుతుంది, వోల్టేజి పడుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఇదొక వైపు. అదే స్టాక్‌ను చలికాలం తెల్లవారుజామున తక్కువ లోడ్ మీద నడపండి, సన్నటి చివరి కొమ్మల్లో నీటి బొట్టు అడ్డం పడుతుంది. 0.3 మిల్లీమీటర్ల దారిలో ఇరుక్కున్న బొట్టును కదిలించాలంటే వందల పాస్కళ్లు కావాలి. మన ఫ్యాన్ దగ్గర ఉన్నవి పదులు. గాలి పక్క కొమ్మల గుండా వెళ్లిపోతుంది, మూసుకున్న కొమ్మ కింద ఆక్సిజన్ అందదు. ఒకే ప్లేటు ఒక సీజన్‌లో ఎండుతుంది, ఇంకో సీజన్‌లో మునుగుతుంది.

పైగా 0.3 గాడిని గ్రాఫైట్‌లో కొట్టించాలని బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో సీఎన్‌సీ షాపుకి వెళ్తే, ఎండ్ మిల్ విరిగే ఖర్చు కలిపి చెప్తారు. లోతు వెడల్పుకి రెండింతలు దాటితే చాలామంది అసలు ఒప్పుకోరు.

ఈ తలనొప్పులన్నీ పడిన బృందం ఏదో ఒకటి చేసే ఉంటుంది కదా. చర్యకు కావలసిన గాలికి మాత్రమే కొమ్మలు పెట్టి, చల్లబరచే గాలికి ప్లేటు వెనక తిన్నటి గాడులు ఇచ్చి ఉంటుంది. లేదా అయిదు తరాలు మానేసి మూడుతో ఆపి ఉంటుంది. లోతు మార్చకుండా వెడల్పు ఒక్కటే తగ్గించి, మర్రే చెప్పిన 0.79ని వదిలి ఇంకో నిష్పత్తికి వెళ్లి ఉంటుంది. పేటెంట్ ఉన్నది సరిగ్గా అక్కడ. క్లెయిమ్ చూస్తే మాత్రం ఇలా ఉంటుంది: "ఆకు ఈనెల స్ఫూర్తితో రూపొందించిన గాలి మార్గాలు గల, మెరుగైన పనితీరు ఇచ్చే ఫ్యూయెల్ సెల్." ఇందులో ఎగ్జామినర్ పట్టుకోవడానికి ఏముంది? స్ఫూర్తిని కొలవలేం. మెరుగు అంటే దేనికన్నా?

క్లెయిమ్‌లో కనిపించాల్సినవి ఈ తరహావి: ఒక ముఖం మీద మూడు తరాలకు మించని కొమ్మలు; ప్రతి చీలిక దగ్గర వెడల్పు మునుపటి దాంట్లో ఇన్ని నుంచి ఇన్ని రెట్లు; లోతు మారదు; చివరి కొమ్మ అర మిల్లీమీటరుకు తగ్గదు; వెనక ముఖం మీద శీతల గాడుల మొత్తం అడ్డుకోత, కొమ్మల ప్రవేశ అడ్డుకోతకు ఇన్ని రెట్లు; రెండు గాలులనూ విడదీసే గోడ ఇక్కడ మొదలై ఇక్కడ ముగుస్తుంది. ఆకు అన్న మాటే అక్కర్లేదు. మీ పరిధి సంఖ్యలు మీ ప్రయోగంలోంచి రావాలి, పరిధికి అవతల ఏం చెడిపోతుందో వివరణలో రాసి ఉండాలి. పేటెంట్ చట్టం సెక్షన్ 10(4) అడిగేది అదే: ఆవిష్కరణ ఎలా పనిచేస్తుందో పూర్తిగా చెప్పు, నీకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని దాచకు.

ఎగ్జామినర్ల వైపు కూడా ఒక మాట అనాలి. ప్రకృతి అన్న మాట కనపడగానే సెక్షన్ 3(సి) అభ్యంతరం తగిలించడం సరికాదు. శాస్త్ర సూత్రాన్నో, ప్రకృతిలో ఉన్న పదార్థాన్నో కనుక్కోవడం ఆవిష్కరణ కాదంటుంది ఆ సెక్షన్. గ్రాఫైట్ ప్లేటు ఏ చెట్టుకీ కాయదు. దానికి జవాబు రెండు వాక్యాల్లో అయిపోతుంది. గట్టిగా నిలబడే అభ్యంతరాలు వేరే రెండున్నాయి. ఒకటి 3(ఎఫ్): ఎవరి పని వారు విడివిడిగా చేసుకుపోయే తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చడం. కొమ్మల ప్లేటు ఒకటి, ఫ్యాన్ ఒకటి, ప్యూర్జ్ వాల్వ్ (లోపల పేరుకున్నదాన్ని బయటకు ఊదే వాల్వ్) ఒకటి అని క్లెయిమ్‌లో వరసగా పేర్చితే ఆ అభ్యంతరం న్యాయమే. ఒకటి మారితే రెండోది ఎలా మారాలో చెప్పినప్పుడే అది తొలగుతుంది. రెండోది 2(1)(జేఏ), ఇన్వెంటివ్ స్టెప్, అంటే ఆ రంగపు నిపుణుడికి ఇట్టే తట్టని ముందడుగు. అసలు పోరు ఇక్కడే.

ఎఫ్‌ఈఆర్‌లో సాధారణంగా వచ్చే రూపం ఇదీ: డీ1 (ఎగ్జామినర్ చూపే మొదటి పాత పత్రం) కొమ్మల ప్లేటు, డీ2 (రెండో పత్రం) ఓపెన్ క్యాథోడ్ స్టాక్, రెండూ కలిపితే మీది వస్తుంది, కాబట్టి నిపుణుడికి తట్టేదే. దీనికి "మాది వినూత్నం" అని నాలుగు పేజీలు జవాబు రాసేవాళ్లున్నారు. అది జవాబు కాదు. డీ1లో గాలి ఎంత పీడనంతో, ఎంత తేమతో, చర్యకు కావలసినదానికి ఎన్ని రెట్లు ఇచ్చారో చూడండి. ప్రయోగశాల టెస్ట్ బెంచ్‌లో సాధారణంగా రెండు మూడు రెట్లు ఇస్తారు. డీ2లో వంద రెట్లు కావాలి. డీ1 ప్లేటును యథాతథంగా డీ2లో పెడితే ఫ్యాన్ తోయలేదని లెక్క కట్టి చూపండి. రెండూ కలిపితే చెడిపోతుంది, చెడకుండా చేసిన మార్పు ఆ రెండు పత్రాల్లోనూ లేదు. అప్పుడది వర్క్‌షాప్‌లో ఎవరైనా చేసే సవరణ కన్నా పైమెట్టు. బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో అడిగింది ఆ పైమెట్టునే.

దీనికి కావలసిన డేటా దరఖాస్తు రోజుకే స్పెసిఫికేషన్‌లో ఉండాలి. అదే మెంబ్రేన్, అదే విస్తీర్ణం, అదే ఫ్యాన్. ఒకసారి తిన్నటి గాడుల ప్లేటు, ఒకసారి మీ ప్లేటు. పోలరైజేషన్ కర్వ్ (కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజి ఎలా పడుతుందో చూపే గీత), గాలి ప్రవాహాన్ని బట్టి పీడన నష్టం, ప్లేటు మీద కనీసం అయిదు చోట్ల ఉష్ణోగ్రత. 25 డిగ్రీల దగ్గర ఒకసారి, 42 దగ్గర ఒకసారి. ఫ్యాన్ తినే వాట్లు తీసేసి నికర శక్తి చెప్పండి. తీయకుండా చెప్పే 15 శాతం మెరుగుదలకు విలువ లేదు. తర్వాత చేర్చుకోవచ్చులే అనుకుంటే సెక్షన్ 59 అడ్డం వస్తుంది. క్లెయిములను కుదించుకోవచ్చు, మొదట్లో లేని సంగతిని కొత్తగా దూర్చలేరు. ప్రొవిజనల్‌లో (తొలి తాత్కాలిక స్పెసిఫికేషన్‌లో) బొమ్మ ఒక్కటే పెట్టి, 12 నెలల లోపు వేసే కంప్లీట్‌లో (పూర్తి స్పెసిఫికేషన్‌లో) నిష్పత్తులు పెడితే ఆ నిష్పత్తుల క్లెయిములకు ప్రొవిజనల్ తేదీ దక్కదు. మధ్యలో మీరే ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో చూపించి వీడియో పెట్టి ఉంటే మీ వీడియోనే డీ1 అవుతుంది. ముందే బహిరంగంగా చూపించినవాటికి సెక్షన్ 31 ఇచ్చే మినహాయింపులు చాలా ఇరుకు, కాలేజీ ఎక్స్‌పో వాటిలోకి రాదు.

కోపం తెప్పించే విషయం ఇంకొకటుంది. ఫారం 9 వేసి త్వరగా ప్రచురణ చేయించి, "మా పేటెంట్ వచ్చింది" అని గేటు ముందు ఫ్లెక్సీ కట్టడం. ప్రచురణకు పరిశీలనతో సంబంధమే లేదు. పరిశీలన కోసం ఫారం 18 విడిగా వేయాలి. 2024 మార్చి 15 తర్వాత వేసిన దరఖాస్తులకు ఆ గడువు 31 నెలలు, దాటితే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. అక్రెడిటేషన్ పాయింట్లు వచ్చాక ఫారం 18 సంగతి మర్చిపోయేవాళ్లున్నారు. ఆ విద్యార్థులు రెండేళ్లు పడిన శ్రమ ప్రపంచానికంతా వెల్లడైపోతుంది, హక్కు మాత్రం ఎవరికీ ఉండదు. ఇంకొందరు ఆకు ఆకారపు పెట్టెకు బ్రిటన్‌లో డిజైన్ రిజిస్ట్రేషన్ తెచ్చుకుని దాన్నే పేటెంట్ అని చూపిస్తారు. అది కంటికి కనిపించే రూపానికి మాత్రమే రక్షణ. లోపల గాలి ఎలా పారుతుందో దానికి పట్టదు. పైగా అక్కడ కొత్తదనం పరీక్షించకుండానే రిజిస్టర్ చేస్తారు.

డబ్బు సమస్య అనుకోకండి. స్టార్టప్‌లకూ విద్యాసంస్థలకూ ఆన్‌లైన్ ఫైలింగ్ 1,600 రూపాయలు, ఫారం 18కి 4,000, త్వరిత పరిశీలన ఫారం 18ఏకి 8,000. పది దాటిన ప్రతి క్లెయిమ్‌కీ 320, ముప్ఫై దాటిన ప్రతి పేజీకీ 160. ఆకు గురించి రాసిన పది పేజీలకు 1,600 దండగ.

తెలంగాణ దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. పరిశీలించే ఎగ్జామినర్ ఇంకో ఊళ్లో ఉండొచ్చు, హియరింగ్ వీడియోలోనే జరుగుతుంది. ఎఫ్‌ఈఆర్‌కు జవాబు ఆరు నెలల్లో ఇవ్వాలి, ఫారం 4తో మూడు నెలలు పొడిగించుకోవచ్చు. హియరింగ్ అయ్యాక రాతపూర్వక వాదనకు 15 రోజులే ఉంటాయి, కాబట్టి ఒక చార్టు ముందే తయారుచేసుకోండి. అడ్డంగా గాలి ప్రవాహం, నిలువుగా పీడనం. ఫ్యాన్ తయారీదారు ఇచ్చిన కర్వ్ ఒకటి, మీ ప్లేటు పీడన నష్టం ఒకటి, డీ1 కొమ్మలతో అదే విస్తీర్ణంలో చేసిన ప్లేటుది ఇంకొకటి. డీ1 గీత ఫ్యాన్ గీతను ఎక్కడ తాకుతుందో గుర్తుపెట్టి, అక్కడ కిలోవాట్‌కు గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి వస్తుందో, 42 డిగ్రీల రోజున కావలసిన 200కి అది ఎంత తక్కువో కిందనే రాయండి.