ఎప్పుడు ఆపుతావో ముందు చెప్పు

పొద్దున నాలుగింటికి లేవండి, చన్నీళ్లు పోసుకోండి, ఫోన్ పక్కన పడేయండి అని చెప్పే వీడియోలు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూములు తీసుకుని సర్కారు కొలువులకు చదివే మేం చూసినన్ని ఇంకెవరూ చూసుండరు. పాలిటీ పుస్తకం ముందేసుకుని, ఆ ఫోన్‌లోనే చూసేవాణ్ని. చూసినంతసేపూ డిప్యూటీ కలెక్టర్ అయిపోయినట్టే ఉండేది. తర్వాత ఆకలేసేది.

2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది, తెలంగాణ వచ్చాక అదే మొదటిది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశాం. 2023 మార్చిలో పేపర్ లీకైందని రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ రాస్తే సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ కొట్టేసింది. చిక్కడపల్లి లైబ్రరీ బయట అందరం అరిచాం, తిట్టాం, న్యాయమే కదా. కానీ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. రెండోసారి రద్దయినప్పుడు నాకు లోపలెక్కడో హాయిగా అనిపించింది. ఫెయిలయ్యే రోజు ఇంకో ఏడాది వెనక్కి పోయింది కదా.

అదే రాత్రి నాయన ఫోన్ చేశాడు. "మల్ల ఎప్పుడు పెడతరంట బిడ్డా?" తెలవదన్నాను. కాసేపు ఆగి, "పైసలున్నయా?" అన్నాడు. పత్తి ఇంకా ఇంటికి రాలేదని నాకు తెలుసు. "ఇంకొక్కసారి రాస్త, వచ్చినా రాకున్నా బట్టలు సర్దుకొని ఇంటికొస్త" అన్నాను. సరే అన్నాడు, అంతే. నాయనకు చెప్పాక ఇక మాట మార్చే వీల్లేదు.

నేను నిజంగా చదివింది ఆ తర్వాతే. అంతకుముందు పొద్దున్నే లైబ్రరీకి పోయి కుర్చీ మీద తువ్వాల వేసి, సీటు నాదే అన్న ధీమాతో రెండు గంటలు టీ కొట్టు దగ్గర నోటిఫికేషన్ల ముచ్చట్లు పెట్టేవాణ్ని. అవి మానేశాను. కొత్త మెటీరియల్ కొనడం ఆపేశాను (జిరాక్స్ షాపాయన ఊరికి పోయి వచ్చావా అని అడిగాడు పాపం). ఉన్న ఆరు పుస్తకాలే తిప్పి తిప్పి చదివాను, రోజూ గడియారం పెట్టుకుని మెయిన్స్ జవాబులు రాశాను. ఏడుపొచ్చిన రోజులున్నాయి, ఏడ్చి మళ్లీ రాసేవాణ్ని. మనోబలం, గినోబలం అనేవాళ్లకు నా దగ్గరున్నది అంతే.

"వేరే దారి పెట్టుకుంటే గెలవరు, అన్నీ వదిలేసి దూకండి" అంటారే, వాళ్ల మీద నాకు భలే కోపం. దూకేది నువ్వు, రూమ్ కిరాయి కట్టేది ఊళ్లో ఇంకొకరు. గడువు లేకుండా అన్నీ వదిలేసి కూర్చుంటే దాన్ని పట్టుదల అని ఎందుకనాలి? మాలో చాలామందికి అది ఇంటికి పోయి మొహం చూపించలేని భయం. నాకైతే అదే.

2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, జూన్ 9న ప్రిలిమ్స్ గట్టెక్కాను, అక్టోబర్ 21 నుంచి 27 దాకా మెయిన్స్ ఏడు పేపర్లూ రాశాను. లిస్టులో నా నంబర్ లేదు. రెండ్రోజులు అన్నం సయించలేదు, మూడోరోజు పుస్తకాలు అమ్మకానికి పెట్టాను.

కొనడానికొచ్చిన తమ్ముడు అడిగాడు, "అన్నా, ఇన్నేండ్లు మోటివేషన్ ఎట్ల వచ్చింది నీకు?"

"నువ్వు ఎప్పుడు ఆపుతవ్?" అన్నాను.

మొహం మాడ్చుకున్నాడు. పాలిటీ పుస్తకానికి యాభై తగ్గించమన్నాడు. తగ్గించాను.