లార్డు గారబ్బాయి విలేకరి అయిన విధంబెట్టిదనిన

జర్నలిజం కోర్సుకు ఫీజు కట్టి, ఇంటర్న్‌షిప్ పేరుతో ఊరికే చాకిరీ చేసి, చివరికి ఏదో మండల కేంద్రంలో లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన డబ్బులకు, వార్తలు పంపుతూ, దసరాకీ సంక్రాంతికీ యాడ్ల టార్గెట్ కోసం షాపుల చుట్టూ తిరిగే యువకులంటే నాకు ఎంతో గౌరవం. కాకపోతే వాళ్లు పట్టిన దారి శుద్ధ తప్పు. ఈ వృత్తిలో పైకి రావడానికి నూటికి నూరుపాళ్లు పనిచేసే పద్ధతి ఇంకొకటి ఉంది. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన విన్‌స్టన్ చర్చిల్ పాటించి చూపించాడు. దాన్ని ఏ యూనివర్సిటీ సిలబస్‌లోనూ ఎందుకు చేర్చలేదో పెద్దలు ఆలోచించాలి.

ఈ పద్ధతిలో అన్నిటికన్నా ముందు పుట్టాల్సి ఉంటుంది. అదీ 1874లో, బ్లెన్‌హైమ్ ప్యాలెస్‌లో. తాత డ్యూకు. తండ్రి లార్డ్ రాండాల్ఫ్ 1885లో భారత వ్యవహారాల మంత్రి, మరుసటి ఏడు ఆర్థిక మంత్రి, ఆ ఏడు గడవకముందే అలిగి రాజీనామా. పదవి లేకపోతే కాలక్షేపం ఉండాలి కదా, 1891లో దక్షిణాఫ్రికా వెళ్లి ‘డైలీ గ్రాఫిక్’ పత్రికకు ఉత్తరాలు రాశాడు. ఉత్తరానికి వంద గినీలు (గినీ అంటే పౌను కన్నా కాస్త ఎక్కువ).

తండ్రి 1895లో పోయాడు. సైనిక కాలేజీ ఎంట్రన్స్ మూడోసారికి గట్టెక్కిన కొడుకు అదే ఏడాది చివర్లో క్యూబా తిరుగుబాటు చూడ్డానికి బయల్దేరాడు. దారి చూపిన మాడ్రిడ్ రాయబారి నాన్నకు స్నేహితుడు. రాయమన్న పత్రిక నాన్న రాసిన పత్రికే. అబ్బాయికి మాత్రం ఉత్తరానికి 5 గినీలే ఇచ్చారు. వారసత్వంలో తొంభై అయిదు గినీలు కోత పడటం ఎంత అన్యాయమో వేరే చెప్పక్కర్లేదు.

1896లో రెజిమెంట్‌తో బెంగళూరు వచ్చాడు. కొద్ది వారాలకే పోలో ఆడటానికి హైదరాబాద్ వచ్చి, జట్టుతో కలిసి గోల్కొండ కప్పు గెలిచాడు. ఊరు చూడ్డానికి ఏనుగెక్కాడు. కాలినడకన వెళ్తే జనం తెల్లవాళ్ల మీద ఉమ్ముతారని అమ్మకు ఉత్తరం రాశాడు. హైదరాబాద్ ప్రజాభిప్రాయం మీద ఆయన చేసిన రిపోర్టింగ్ అంతవరకే. ఏనుగు మీద కూర్చుని సేకరించిన సమాచారమైనా, వార్త కరెక్టే.

ఇక అమ్మ. లేడీ రాండాల్ఫ్, అంటే జెన్నీ, లండన్‌లో ఎవరింట్లో విందు జరిగినా ఉండే మనిషి. 1897లో వాయవ్య సరిహద్దులో మలకండ్ దగ్గర పఠాన్ల మీద దండయాత్ర మొదలైంది. తనను తీసుకెళ్తానని జనరల్ ఎప్పుడో మాటిచ్చాడని కుర్రాడు రెండు వేల మైళ్ల రైలు ప్రయాణం కట్టాడు. లండన్‌లో అమ్మ ‘డైలీ టెలిగ్రాఫ్’తో మాట్లాడి కాలమ్‌కు 5 పౌన్లు ఖాయం చేసింది. అబ్బాయికి కోపం వచ్చింది. రేటు తక్కువని ఒకటి, పేరు వేయకుండా ‘ఒక యువ అధికారి’ అని అచ్చువేశారని ఇంకొకటి. అసలు తను రాసిందే రేపటి ఓటర్లకు తన గురించి తెలియాలని, ఆ సంగతి అమ్మకు దాపరికం లేకుండా రాశాడు. ఇంత నిజాయితీ ఉన్న విలేకరి మళ్లీ పుట్టలేదు.

అక్కడ ఆ సైన్యం చేసిన పని ఊరూరా ఇళ్లు కూల్చడం, బావులు పూడ్చడం. అదీ ఆయనే రాశాడు. వార్త సృష్టించే పక్షంలోనే ఉండి వార్త రాస్తే సోర్సుల కోసం వెతుక్కునే టెన్షన్ ఉండదు.

1898లో సూడాన్ యుద్ధం. అక్కడి సేనాని కిచెనర్‌కు ఈ అబ్బాయి పొడ గిట్టదు, రానివ్వనన్నాడు. అమ్మ మళ్లీ ఉత్తరాలు రాసింది, విందుల్లో చెవిన వేసింది. మలకండ్ దండయాత్ర మీద అబ్బాయి రాసిన పుస్తకం చదివి ముచ్చటపడిన ప్రధాని సాలిస్‌బరీ స్వయంగా టెలిగ్రామ్ కొట్టించాడు. ప్రధాని వల్ల కూడా పని కాకపోతే, కుటుంబానికి కావాల్సిన ఇంకో లేడీ గారు సైన్యంలో పెద్ద తలకాయకు చెప్పి అయిందనిపించారు. ‘మార్నింగ్ పోస్ట్’ ఓనరు కొడుకు స్నేహితుడే కాబట్టి కాలమ్‌కు 15 పౌన్లు. తిరిగొచ్చాక పుస్తకం రాసి అదే కిచెనర్‌ను ఉతికేశాడు. మాటవరసకు ఒక నిజం చెప్పాలి, రాత మాత్రం అద్భుతం. సిఫార్సుతో వచ్చినవాడికి పని కూడా వచ్చి ఉంటే మనకు తిట్టుకునే సుఖం కూడా దక్కదు.

ఈయన దెబ్బకు యుద్ధ శాఖ కొత్త రూలు పెట్టింది. సైనికుడు విలేకరిగా ఉండకూడదు, విలేకరి సైనికుడిగా ఉండకూడదు.

1899లో సైన్యంలో ఉద్యోగం మానేసి ఓల్డ్‌హామ్‌లో పార్లమెంటుకు పోటీ చేసి ఓడిపోయాడు. ఓడిన అభ్యర్థికి ఓదార్పుగా దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వచ్చింది, అంటే అక్కడ స్థిరపడిన డచ్చి సంతతి వాళ్లతో బ్రిటన్ యుద్ధం. విలేకరిగా వెళ్లడానికి నెలకు 250 పౌన్లు, ఖర్చులు వేరే. సామానులో 18 సీసాల స్కాచ్ విస్కీ, ఇంకా వైన్ల పెట్టెలు. సాయుధ రైలు మీద బోయర్లు దాడి చేస్తే ముందు నిలబడి ఇంజిన్‌ను తప్పించి, పట్టుబడ్డాక నేను ఉత్త విలేకరిని, వదిలేయండి అన్నాడు. లార్డు కొడుకు రోజూ దొరుకుతాడా అని వాళ్లు నవ్వారట. ఇంటిపేరు వల్ల ఆయనకు జరిగిన నష్టం నా ఎరుకలో ఇదొక్కటే. నెల తిరక్కుండా ప్రిటోరియా జైలు గోడ దూకాడు. తలకు 25 పౌన్ల వెల కట్టారు. డర్బన్ చేరేసరికి హీరో. జనరల్ బుల్లర్ పిలిచి లెఫ్టినెంట్ పదవి ఇచ్చాడు, విలేకరి ఉద్యోగమూ ఉంచుకోమన్నాడు. మరి రూలో? అది మిగతావాళ్లకు.

1900లో అదే ఓల్డ్‌హామ్‌లో గెలిచాడు. అప్పట్లో ఎంపీలకు జీతం లేదు కనుక జైలు కథనే ఊరూరా ఉపన్యాసంగా చెప్పి దాదాపు పది వేల పౌన్లు వెనకేశాడు. ఈలోగా బెంగళూరు క్లబ్బులో ఆయన కట్టని 13 రూపాయలు రానిబాకీ కింద రాసేశారు. ఆ లెడ్జరు ఇప్పటికీ అతిథులకు గర్వంగా చూపిస్తారు. మన ఊరి క్లబ్బులో స్ట్రింగర్, అంటే ఆ లైన్ అకౌంట్ విలేకరి, 13 రూపాయలు ఎగ్గొట్టి చూడాలి.

పద్ధతి పక్కాగా ఉంది కాబట్టి కొడుకు రాండాల్ఫ్‌కూ అదే ఇచ్చారు. తాత పేరు, తండ్రి పలుకుబడి, పత్రికల్లో కాలమ్. 1940లో ప్రెస్టన్ నుంచి పార్లమెంటుకు కూడా వెళ్లాడు, ఎదురు పోటీ లేకుండా. పోటీ ఉన్న ప్రతి ఎన్నికలోనూ ఓడిపోయాడు. ఓటర్లు ఆయన కాలమ్ చదివి ఉంటారు.