సెట్‌బ్యాక్‌లో సూర్యుడికేం పని?

సూర్యుడి ఆగడాలు ఈమధ్య మితిమీరిపోయాయి. ఎవరి పర్మిషనూ లేకుండా పొద్దున్నే వచ్చి, హైదరాబాద్ కాలనీల్లో రెండిళ్ల మధ్య సెట్‌బ్యాక్‌లో (రూలు ప్రకారం వదలాల్సిన ఖాళీ జాగాలో) దూరుతున్నాడు. మా పక్కాయన జీ ప్లస్ టూకి ప్లాన్ తీసుకుని, ఐదో అంతస్తు స్లాబేసి, దానిమీద పెంట్‌హౌస్ లేపాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ చొరబాటుని ఆపేదెవరు?

టౌన్ ప్లానింగ్ వాళ్లు సూర్యుడికి వెంటనే షోకాజ్ నోటీసివ్వాలి. హియరింగ్‌కి పిలవాలి. ఏడు గుర్రాలూ సెల్లార్‌లో పట్టవు (అక్కడ షాపులున్నాయి), రోడ్డుమీదే కట్టేయాలి.

"ఎన్‌ఓసీ ఉందా స్వామీ?"

"లేదండీ."

"ఎన్నాళ్లుగా వస్తున్నారు?"

"సృష్టి మొదలైనప్పట్నుంచీ."

"రుజువేదీ? పోనీ కరెంటు బిల్లు?"

"నాకు బిల్లు రాదండీ."

"సరే, మధ్యాహ్నం పన్నెండుకి డక్టులోంచి ఓ పది నిమిషాలు వచ్చిపోండి. ఫైల్లో రాస్తాం."

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఉందిగా అంటారా? ఉంది. కిటికీలోంచి వెలుతురు 20 ఏళ్లు అడ్డులేకుండా అనుభవిస్తే హక్కొస్తుంది. ఈ ఊళ్లో 20 ఏళ్లు ఇంటినెవరు ఉండనిచ్చారు, ఈలోపే డెవలప్‌మెంట్‌కి ఇచ్చేస్తే! జపాన్ వాళ్లు 1976లోనే, పగలు అతి తక్కువగా ఉండే రోజున పక్క స్థలం మీద ఎన్ని గంటలు నీడ పడొచ్చో చట్టంలో రాసుకున్నారు. పనిలేనివాళ్లు. మనం 2006లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం సైజుని బట్టి ఎంత కట్టొచ్చో చెప్పే లెక్క) పరిమితే ఎత్తేశాం.

పైగా డాబామీద సోలార్ పెట్టుకోమని కేంద్రం మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. పక్కాయన వాటర్ ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడితే చాలు, దాంతో వరసలో కలిపినవన్నీ డీలాపడతాయి. ఇన్వర్టర్ పాడైందని టెక్నీషియన్ని పిలిస్తే, ఆ ట్యాంకు వైపు వేలు చూపించి విజిటింగ్ చార్జీ తీసుకుని పోయాడు.

ఇక వెటకారం నావల్ల కాదు. 2007 చివర్లో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీము) తెచ్చారు. 2015లో బీఆర్‌ఎస్ (పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము) తెచ్చారు. దానికి హైకోర్టు అడ్డుపడింది. రెండింటి సారం ఒకటే: మింగేసిన సెట్‌బ్యాక్‌కి డబ్బు కట్టు, అంతా సక్రమం. పోయిన వెలుతురెవరిది? గ్రౌండ్ ఫ్లోర్లో పట్టపగలు ట్యూబ్‌లైటేసుకుని పప్పులో రాళ్లేరుకునే ముసలావిడది. ఆవిడకి డాక్టరు వారానికో విటమిన్ డి పొడి ప్యాకెట్ రాశాడు. మరి డబ్బెవరికి? సర్కారుకి. దొంగ సొత్తులో వాటా పుచ్చుకుని దొంగకే రసీదిచ్చే ఈ సిగ్గుమాలిన పనికి క్రమబద్ధీకరణ అని పేరు! ఆవిణ్ణి ఒక్కమాట అడిగారా? రేపు ఇంకో స్కీము తెచ్చేముందు దరఖాస్తులో పక్కింటివాళ్ల సంతకానికో గడి పెట్టండి. అది ఖాళీగా ఉంటే ఆ అంతస్తు కూల్చండి.