పుస్తకం అట్టమీది పేరుకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అట్టమీది పేరుగారికి,

నమస్కరించి వ్రాయునది. లోపల ఎన్ని వందల పేజీలున్నా పాఠకునికి మొదట దర్శనమిచ్చేది తమరే కనుక, తమరు అబద్ధమాడరని లోకం నమ్ముతున్నది. 1900లో పారిస్‌లో వెలువడిన, క్లోడిన్ అనే అమ్మాయి కథ చెప్పే నవలల్లో మొదటిదాని మీద తమరు ‘విల్లీ’ అని కొలువుదీరారు. లోపలి రాత ఆ విల్లీ అనే పెద్దమనిషి భార్య, ఫ్రెంచి రచయిత్రి కొలెట్‌ది. తనను గదిలో పెట్టి తాళం వేసి మరీ రాయించేవాడని ఆవిడే తరువాత చెప్పుకున్నది. ఇతరుల చేత రాయించి తన సంతకం పెట్టుకోవడం ఆ పెద్దమనిషికి నిత్యకృత్యమే గాని, ఇల్లాలి చేత రాయించుకుంటే ఖర్చు మరింత కలిసివస్తుంది కదా! 1903 నాటికి నవలలు నాలుగయ్యాయి. క్లోడిన్ పేరిట కాలర్లు, అత్తరులు, సిగరెట్లు కూడా అంగళ్ళకెక్కాయి. పుట్టించిన మనిషి పేరు మాత్రం తమరి దరిదాపులకు రాలేదు. చివరికి ఆ నవలల హక్కులను కూడా ఆయన ఆమెకు చెప్పకుండానే అమ్ముకున్నాడు. తమరు కిమ్మనలేదు.

1906లో భర్తనుంచి విడిపోయిన కొలెట్ పొట్టకూటికోసం మూకాభినయం నేర్చి మ్యూజిక్ హాళ్ళ వేదికలెక్కింది. రంగస్థలానికి తమరికున్నంత మర్యాద లేదు. అక్కడ భార్య ఆడిన ఆటను భర్త ఖాతాలో రాయడం కుదరదు. 1907 జనవరి 3న మౌలిన్ రూజ్ అనే మ్యూజిక్ హాలులో ఆమె, మగవేషం కట్టిన ప్రభువంశపు స్త్రీ మార్కీజ్ మథిల్డ్ ద మోర్నీ ముద్దు పెట్టుకోగానే జనం కేకలు వేసి, చేతికందినవన్నీ వేదికపైకి విసిరారు. పోలీసు అధికారి ఆ ప్రదర్శన మీదే ఆంక్ష పెట్టాడు. రాతను దొంగిలించినప్పుడు ఏ పోలీసూ రాలేదన్నది, బహుశా, నేను ప్రస్తావించవలసిన విషయం కాదు.

ఊరూరా ప్రదర్శనలిస్తూ, ఆ బతుకునే ముడిసరుకుగా చేసుకుని ఆమె మరో నవల రాసింది. విడాకులు మంజూరైన 1910లోనే వచ్చిన ఆ నవల మీద కూడా తమరు ‘కొలెట్ విల్లీ’గానే నిలబడ్డారు. న్యాయస్థానం తెంచిన ముడిని తమరు తెంచలేకపోయారన్నమాట. ‘కొలెట్’ అని ఒంటరిగా అట్టకెక్కడానికి ఆమె 1923 దాకా ఆగవలసివచ్చింది.

ఆ కొలెట్ అన్నదైనా ఆమె తండ్రి ఇంటిపేరే. ఆయన సంగతి తమరికి చక్కగా నచ్చుతుంది. కాలు పోగొట్టుకున్న ఆ సైనికాధికారి పోయాక, అలమరలో ఆయన పేర్లు పెట్టి బైండు చేయించుకున్న సంపుటాలు బయటపడ్డాయని ఆమె రాసింది. అట్టలమీద శీర్షికలున్నాయి, తెరిస్తే, భార్యకు రాసిన అంకితం తప్ప అన్నీ తెల్ల కాగితాలే. తల్లి ఆ కాగితాలను పండ్ల జామ్ సీసాలకు మూతలు కట్టడానికి వాడుకున్నదట. లోపల ఏమీ రాయని తండ్రిని, ఏమీ రాయకుండానే తమరిని అలంకరించిన భర్తను చూసిన తరువాత కూడా ఆవిడ తమరిని గౌరవించి, కోరి కోరి తెచ్చుకున్నది. ఇక మిగిలినది ఒక చిన్న విన్నపం: ఆ నాలుగు నవలల తొలి ముద్రణల ప్రతులు పాత పుస్తకాల బీరువాలలో ఇంకా ఉన్నాయి, వాటిమీద తమరు ఎప్పుడు దిగిపోతున్నారో తెలియజేయగలరు.

ఇట్లు,
లోపలి పేజీల పక్షాన ఒక పాఠకురాలు