ఒక్క గుక్క టీ, ఏళ్ల తరబడి చాకిరీ

చైనా గురుశిష్యుల వీడియో మళ్లీ ఒకటి తిరుగుతోంది. హోటల్ హాలు, గోడకి ఎర్ర బ్యానరు, చెక్క కుర్చీలో గురువుగారు. ఎదురుగా మెత్తటి దిండు మీద మోకరిల్లిన కుర్రాడు మూడుసార్లు నుదురు నేలకి ఆనించి, రెండు చేతులా టీ కప్పు పైకెత్తుతాడు. గురువుగారు ఒక్క గుక్క తాగుతారు. అంతే, శిష్యరికం ఖాయం. ఒక్కరోజు గురువైనవాడు జన్మంతా తండ్రే అని వాళ్ల సామెత. ఎంత గురుభక్తి, ఎంత సంస్కారం అని మనవాళ్లు కళ్లొత్తుకుంటున్నారు!

ఆ గుక్క తర్వాత పాతరోజుల్లో ఏం జరిగేదో వీడియోలో లేదు కాబట్టి సిలబస్ నేనే మనవి చేస్తాను.

మొదటి పాఠం, గురువుగారి రాత్రి మూత్రపు కుండ పారబోయడం. తెల్లారకముందే, చుక్క ఒలక్కుండా. రెండో పాఠం, గురుపత్నికి నీళ్లు మోయడం. మూడోది చంటిబిడ్డని ఎత్తుకు తిప్పడం. బిడ్డ ఏడిస్తే ఫెయిలు. వడ్రంగం కోసం వచ్చినవాడికి ఏడాది గడిచినా రంపం పట్టుకోవడం రాకపోవచ్చు, జోకొట్టడం మాత్రం వచ్చి తీరాలి. భోజనాల దగ్గర గురువుగారి గిన్నె ఖాళీ కాకముందే అన్నం వడ్డించాలి, తన తిండి మాత్రం గబగబా ముగించాలి. దీన్ని సహన పరీక్ష అంటారు. పనిమనిషిని పెట్టుకుంటే జీతమివ్వాలి, శిష్యుడికి అక్కర్లేదు.

గడువు మామూలుగా మూడేళ్లు, పైన ఒక పండుగ. పండుగకి పనెక్కువ కదా మరి! కొన్ని కళల్లో ఆ తర్వాత ఇంకో రెండేళ్లు ఊరికే సేవ. ఇంతా చేసి విద్యంతా చెబుతారా? శిష్యుడికి అంతా వచ్చేస్తే గురువు పస్తులుండాలని వాళ్ల సామెత. పిల్లి పులికి అన్నీ నేర్పి చెట్టెక్కడం మాత్రం దాచుకుందని కథ కూడా ఉంది.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. పెకింగ్ ఒపేరా అనే చైనా సంగీత నాటకం దగ్గరికొస్తే నవ్వు రాదు. 1904లో మొదలైన ఫులియాన్‌చెంగ్ ఒపేరా పాఠశాలలో గడువు 7 ఏళ్లు. ఒకడు తప్పు చేస్తే అందరికీ బెత్తం. ఇక పిల్లల్ని అప్పగించేటప్పుడు తల్లిదండ్రుల చేత రాయించుకునే కాగితాల్లో ఏముండేదంటే, బిడ్డ పారిపోయినా, బావిలో దూకినా, దెబ్బలకి చచ్చినా గురువుకి సంబంధం లేదు. బావి సంగతి ముందే రాసిపెట్టుకున్నారంటే అంతకుముందు ఎందరు పిల్లలు దూకి ఉండాలి?

చెంగ్ యాన్‌చియు అనేవాడు తర్వాత ఆ ఒపేరాలో మహానటుడయ్యాడు. 6 ఏళ్ల పసివాడిగా అలాంటి కాగితం మీదే రోంగ్ దియేషియాన్ ఇంట చేరాడు. ఇంటి చాకిరీ, దెబ్బలు. గొంతు మారుతున్న వయసులో, పాడితే స్వరం పోతుందని తెలిసీ, షాంఘైలో పాడించడానికి ఆ గురువు ఒప్పందం చేసుకున్నాడు. లువో యింగ్‌గోంగ్ అనే కవి అప్పు తెచ్చి డబ్బు కట్టి విడిపించుకొచ్చాడు, తాకట్టు చెంబుని విడిపించినట్టు! పసివాడి ఒళ్లు హూనం చేసి, గొంతు అమ్ముకోబోయినవాణ్ణి తండ్రి అనాలా? సిగ్గు లేకపోతే సరి.

ఇప్పుడా కాగితాలు లేవు, నిజమే. షియాంగ్‌షెంగ్ అనే హాస్య సంభాషణలో పేరుమోసిన గువో దెగాంగ్ 2016లో తన శిష్యుల వంశావళి ప్రకటించాడు. వేరుపడిన ఇద్దరికి శిష్యుల గుర్తుగా తానిచ్చిన ‘యున్’ అనే అక్షరం వాళ్ల పేర్లలోంచి వెనక్కి తీసేసుకున్నాడు. వాళ్ల మొహం చూసి అమ్ముడుపోయిన టికెట్ల లెక్క మాత్రం ఆ వంశావళిలో అచ్చువేయలేదు.