యోధుడికి ఆలోచన ఎందుకండీ?

ఫాంటసీ రోల్‌ప్లే ఆటల్లో యోధుడి క్లాస్, అంటే ఆ రకం పాత్రకు రాసే రూల్స్, ఎంత పొడవుండాలి అన్న చిక్కు ప్రశ్నను నేను తేల్చేశాను. అరపేజీ. అంతకు మించి ఒక్క లైను పెరిగినా వాడు యోధుడు కాదు, కత్తి పట్టుకున్న గుమాస్తా. మూడు నెలలు నిద్ర మానుకుని ఆ అరపేజీ రాశాను. ‘నీ వంతు వస్తే కొట్టు. లెవెల్ పెరిగితే రెండుసార్లు కొట్టు.’ ఇంతే విషయం. మిగిలిందంతా కవచాల పట్టిక.

ఇంత సింపుల్‌గా ఎందుకంటే, కొత్తవాళ్ల కోసం. ఈ మాట అనే పాత ఆటగాళ్లెవరూ తాము యోధుణ్ణి తీసుకోరు, అది వేరే సంగతి. మాంత్రికుడు కావాలన్న కొత్తవాడి చేతిలో మాత్రం స్పెల్స్ అధ్యాయం మొత్తం పెట్టి ‘చదువుకో నాయనా’ అంటాం. వాడికి బుర్ర ఉంటుందని మన నమ్మకం. కత్తి అడిగినవాడికి ఉండదని ఇంకా గట్టి నమ్మకం.

నిజానికి మొదట్లో పెద్దలు దారి తప్పారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు ఉన్నవి మూడే క్లాసులు. అందులో ఫైటింగ్-మ్యాన్ ఒకటి. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత వచ్చిన అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో యోధుణ్ణి గారాబం చేశారు. బలహీనమైన శత్రువుల మీద లెవెల్ ఎంతో అన్ని దెబ్బలు! అంటే ఎనిమిదో లెవెల్ యోధుడు గాబ్లిన్ల గుంపులో పడితే ఒక్క రౌండులో 8 సార్లు కొట్టొచ్చు. తొమ్మిదో లెవెల్‌లో కోట కట్టుకుంటే సైనికులు తమంతట తామే వచ్చి చేరేవారు. ఇంత సుఖం మరిగితే వాడు రేపు మాట వింటాడా?

2008లో నాలుగో ఎడిషన్ అయితే మరీ బరితెగించింది. మాంత్రికుడికి ఉన్నట్టే యోధుడికీ వరసగా విద్యలు ఇచ్చేసింది. ‘వీడు యోధుడా, మాంత్రికుడా’ అని గగ్గోలు పుట్టింది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో ఛాంపియన్ అనే సాదా రకం యోధుడితో మళ్లీ మర్యాద నిలబడింది. మూడో లెవెల్‌లో ఛాంపియన్‌కి దక్కే గొప్ప వరం ఏమిటంటే, ఇరవై ముఖాల పాచిక మీద 20 పడితేనే కాదు, 19 పడినా క్రిటికల్, అంటే మామూలుకన్నా గట్టి దెబ్బ, అవుతుంది. 5 శాతం ఉన్న అవకాశం 10 శాతం అవుతుంది. ఇరవై దెబ్బలకు సగటున ఒక్క క్రిటికల్ ఎక్కువ. ఒకటి రెండు సాయంత్రాలు కదలకుండా కూర్చుంటే తప్పక కనిపిస్తుంది.

ఇక వాస్తవికత. దీని మీద నేను రాజీపడను. ఐదో లెవెల్ మాంత్రికుడు గాల్లో ఎగురుతాడు, అది మంత్రం కాబట్టి ఎవరూ కారణం అడగరు. యోధుడు మామూలు మనిషి, మామూలు మనిషిలాగే ఉండాలి. అందుకే 2014 రూల్స్‌లో పరుగెత్తి దూకితే ఎంత బలం ఉంటే అన్ని అడుగులు. మామూలుగా బలానికి గరిష్ఠం 20 కాబట్టి, దేవతలతో పోరాడే మహావీరుడు పాచిక వెయ్యకుండా దూకగలిగేది 20 అడుగులు. ఏడో లెవెల్‌లో ఛాంపియన్‌కి దయతలచి ఇంకో 5 కలిపారు. 1991లో టోక్యోలో మైక్ పావెల్ అనే మామూలు మనిషి 8.95 మీటర్లు, అంటే 29 అడుగుల పైచిలుకు దూకాడు. ఏ మంత్రమూ లేకుండా! ఇది రూల్స్‌కి విరుద్ధం. ఆయన ఏ ఎడిషన్ ఆడుతున్నాడో ముందు తేల్చాలి.

సరే, నా అరపేజీని మొన్న పరీక్షకు పెట్టాను. ఈ ఆట ఎప్పుడూ ఆడని ఒక అమ్మాయిని పిలిచి షీట్ ఇచ్చాం. రెండు నిమిషాల్లో చదివేసింది. ‘ఇంతేనా?’ అంది. ఇంతే అని గర్వంగా చెప్పాను. ఆటలో సింహాసనం గదిలోకి వెళ్లగానే మొదలెట్టింది.

‘అన్నా, ఈ రాజు కాళ్ల కింద కార్పెట్ లాగెయ్యొచ్చా?’

‘నీకు ఆ సామర్థ్యం లేదమ్మా.’

‘కార్పెట్ ఉందన్నారుగా?’

‘కార్పెట్ ఉంది. సామర్థ్యం లేదు.’

కాసేపు నా వైపే చూసి పాచిక వేసింది. 7. తగల్లేదు. మొత్తం పదకొండు సెకన్లు. తర్వాత మాంత్రికుడి వంతు. ఆయన పుస్తకం తెరిచి, గళ్లు లెక్కపెట్టి, 20 అడుగుల వ్యాసార్థంలో స్నేహితులెవరూ కాలకుండా ఫైర్‌బాల్ ఎక్కడ వెయ్యాలో స్కేలు పెట్టి కొలిచి, కాదనుకుని మళ్లీ కొలిచి, ఆరు ముఖాల పాచికలు 8 కావాలంటే తన దగ్గర 5 ఉన్నాయని మా దగ్గర అప్పు తీసుకుని, వేసి, కూడి, తప్పు కూడి, తొమ్మిది నిమిషాలకు 31 అన్నాడు. సింహాసనం, రాజు, కార్పెట్ అన్నీ కాలిపోయాయి.

(కార్పెట్ గురించి ఇంకో మాట. 2024 రూల్స్‌లో యోధుడు దెబ్బతో పాటే శత్రువుని తోసెయ్యడం, పడగొట్టడం కూడా చేర్చారు. ఆట పుట్టిన యాభై ఏళ్లకే! మరీ ఇంత తొందర పనికిరాదు.)

ఆట ముగిశాక ఆ అమ్మాయి షీట్ వెనక్కి తీసుకున్నాను. వెనకవైపంతా పెన్సిల్ బొమ్మ. మేం కొలుచుకుంటున్న సేపట్లో డ్రాగన్‌ని పొలుసు పొలుసూ గీసింది, రెక్కల్లో నరాలతో సహా. దాని కాళ్ల కింద కార్పెట్, కార్పెట్ కొస పట్టుకుని చిన్న యోధుడు. నా క్లాస్‌తో ఇంత తీరిక దొరుకుతుందని నాకే తెలీదు. రెండో ముద్రణలో కవచాల పట్టిక సగానికి తగ్గించి, ఆ చోటు ఖాళీగా వదులుతున్నాను. మూడో లెవెల్‌లో పెన్సిల్ కూడా ఇద్దామనుకున్నాను గానీ, అది మరీ కాంప్లికేట్ అవుతుందని మాంత్రికుడు అభ్యంతరం చెప్పాడు.